మెకంజీ సర్వేలో దేశీయ సహాయకులు: కొలువు, కైఫియత్తు

1799లో శ్రీరంగపట్నం పతనమైన పిదప మైసూరు సర్వేకు కాలిన్ మెకంజీ నియుక్తుడయ్యాడు. ఎల్లలు గుర్తించి పటాలు గీయడంతోపాటు గ్రామ చరిత్రలు సేకరించడానికి ఆయన దేశీయ సహాయకులను చేర్చుకొన్నాడు. వీరిలో పలువురికి జీతం కంపెనీ ఖజానా నుండి గాక ఆయన సొంత సొమ్ము నుండే ముట్టేది. కావలి వెంకట బొర్రయ్య 1803లో మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత వహించాడు. 1821లో మెకంజీ మరణంతో ఆ కొలువుకు ఆధారం పోయింది. సేకరణను కంపెనీ కొన్నది. ఆ పనిని తాను కొనసాగిస్తానన్న లక్ష్మయ్య విన్నపాన్ని మాత్రం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఆమోదించలేదు. కరణాల కవిలెల నుండి ఈ సహాయకులు రాయించి తెచ్చిన కైఫియత్తులు నేడు తెలుగు వచన చరిత్రకు ముఖ్యాధారాలు. వాటిని మెకంజీ పేరుతోనే వ్యవహరిస్తున్నాం. సేకర్తల పేర్లనూ సూచికలలో చేర్చడం మన పరిశోధన తీర్చవలసిన బాకీ.