పెట్టెలో వచ్చే మనిషికి మొదటి సంతకం

మన ఇళ్లల్లో ఎవరైనా పోతే ఆడవాళ్లకు మిగిలేది ఏడుపూ వంటా. పాడె కట్టేది మగవాళ్లు, డప్పోళ్లకు కబురు పంపేది మగవాళ్లు. చాలా ఇళ్లల్లో మనం వాకిలి దాటం. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో కొన్ని దశాబ్దాలుగా ఇంకో రకం చావు ఉంది. మనిషి పోయేది ఎడారిలో, పాడె కట్టాల్సింది ఇక్కడ. ఆ చావులో మొదటి పని ఆడమనిషిదే.

సిరిసిల్ల నేతపనివాళ్లకు భీవండి, షోలాపూర్ వలస ఎప్పటి నుంచో అలవాటే. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్‌లో కట్టడాల పని పుట్టుకొచ్చింది. నీళ్లులేని భూముల వాళ్లు, మగ్గం సాగనివాళ్లు అప్పుచేసి విమానం ఎక్కారు. మస్కట్ పోయినా, సౌదీ పోయినా మనకు "దుబాయి పోయిండు" అనే మాటే. ఇంటి దగ్గర భార్య బీడీలు చుడుతూ పిల్లల్ని సాకింది.

అక్కడ మనిషి పోతే శవం వెంటనే కదలదు. అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసుల కాగితం, భారత రాయబార కార్యాలయం అనుమతి కావాలి. పాస్‌పోర్ట్ రద్దు చేయాలి. శవం చెడకుండా మందు ఎక్కించి పెట్టెలో మూయాలి. వీటన్నిటికీ ముందు కుటుంబం సమ్మతి పత్రం పంపాలి. మామూలుగా ఆ సంతకం భార్యదే.

ఇక్కడే మన పాత అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. "దానికి ఇప్పుడే చెప్పొద్దు, తట్టుకోలేదు" అని ఇంటిల్లిపాదీ భార్య దగ్గరే దాస్తారు. అది ప్రేమతోనే చేస్తారు. కానీ శవం ఊరికి రావాలా, అక్కడే పూడ్చాలా అనేది తేల్చేది ఆ సంతకమే. సౌదీలో దహనానికి అనుమతి లేదు. అక్కడ ఆగిపోతే మట్టిలో కలవడమే. ఏమి రాసుందో తెలియని కాగితం మీద ఆమె వేలిముద్ర పడితే, మనిషి శాశ్వతంగా అక్కడే ఉండిపోవచ్చు. సౌదీ చట్టం ప్రకారం శవాన్ని పంపే ఖర్చు పనిలో పెట్టుకున్నవాళ్లదే. వాళ్లు చేతులెత్తేస్తే రాయబార కార్యాలయాల్లో 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది. "ఖర్చవుతుంది, అక్కడే కానిద్దాం" అని ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఇప్పుడు పెట్టె అక్కడ దిగితే ప్రభుత్వ అంబులెన్స్ ఊరి దాకా ఉచితంగా తెస్తుంది. 2020 ఏప్రిల్‌లో మాత్రం కరోనా ఆంక్షల వల్ల ఢిల్లీ చేరిన మూడు శవాల్ని తిరిగి అబుదాబికి పంపేశారు. రెండు రోజులకు కేంద్రం పద్ధతి ఖరారు చేసింది.

పెట్టె వచ్చాక కూడా అన్నీ మామూలుగా జరగవు. వేడినీళ్ల స్నానం ఉండదు. దింపుడు కళ్లం దగ్గర చెవిలో పేరు పిలవాలంటే చెక్క అడ్డం. దినాలు ప్రాణం పోయిన రోజు నుంచా, నిప్పుపెట్టిన రోజు నుంచా అని తర్జనభర్జన. అయినా అస్థికలు ధర్మపురి గోదావరిలో కలిపే భాగ్యం మిగులుతుంది. అదీ ఆ సంతకం వల్లే.

డబ్బు సంగతీ తెలుసుకోవాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275 రూపాయలే. అయితే దాని 10 లక్షలు ప్రమాదంలో పోతేనే వస్తాయి, నిద్రలో గుండె ఆగితే రావు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల సాయానికి కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.

మీ ఇంట్లో ఎవరన్నా దుబాయిలో ఉంటే పాస్‌పోర్ట్, వీసా, అకామా, బీమా జిరాక్స్‌లు, కంపెనీ ఫోన్ నంబరు ఒక కవర్‌లో పెట్టి బియ్యం డబ్బా దగ్గరో, దేవుడి గూట్లోనో ఉంచండి. అపశకునం అనుకోకండి. ఇన్సూరెన్స్ కాగితం బీరువాలో పెట్టుకోవడం లేదా, అలాంటిదే ఇదీ.