ముక్త వ్యాసం: బడిపిల్లల రాతను చరిత్రగా చదవాలి

మన బళ్లల్లో వ్యాసం అంటే ఆవు వ్యాసమే. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు. ఏ విషయం ఇచ్చినా పిల్లవాడు తిప్పి తిప్పి ఆవు దగ్గరికే తెస్తాడని నవ్వుకుంటాం. కాని ఆ పిల్లవాడిని ఎన్నడైనా తన వాడ గురించి రాయమని అడిగామా? మాల పిల్లకి, మాదిగ పిల్లకి బాగా తెలిసిన సంగతులు పరీక్షలో ప్రశ్నగా రావు. తెలిసింది అడగరు కాబట్టి తెలియనిది బట్టీ పట్టి రాస్తారు.

1855లో పూనాలో ఒక మాంగ్ పిల్ల తనకు తెలిసిన సంగతే రాసింది. ఆ పిల్ల పేరు ముక్తా సాళ్వే. వయసు పద్నాలుగేళ్లు. జోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే నడిపిన బడిలో చదువుకుంటున్న పిల్ల. మాంగులూ మహర్లూ పడే దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసం 'జ్ఞానోదయ' అనే మరాఠీ పత్రికలో ఫిబ్రవరి 15న, మార్చి 1న రెండు భాగాలుగా అచ్చయింది. ఇవాళ్టి లెక్కలో ఆమె ఎనిమిదో, తొమ్మిదో తరగతి చదివే పిల్ల. అచ్చులో మనకు దొరికే తొలి దళిత స్త్రీ గొంతుల్లో ఆమెది ముందు వరసలో ఉంటుంది.

ఈ వ్యాసం గురించి మనోళ్లు సభల్లో మాట్లాడుతూనే ఉంటారు. అయితే ఎక్కువగా ఫూలే దంపతుల గొప్పతనానికి సాక్ష్యంగా చూపి ముందుకు పోతారు. వాళ్ల గొప్పతనానికి ఎవరూ లోటు చేయలేరు. కాని ఆ వ్యాసం ముందుగా ఒక విద్యార్థిని చేసిన పని. బడికి పోయిన పిల్ల చేసిన పనిని చరిత్రకు ఆధారంగా తీసుకోవడం మనం ఇంకా నేర్చుకోలేదు. ఈ వ్యాసం ఉద్దేశం ఆ సంగతి చెప్పడమే.

ఆ బడి ఎట్లా నిలబడింది

1848లో పూనాలోని భిడేవాడాలో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టినప్పుడు జోతిరావుకు 21 ఏళ్లు, సావిత్రిబాయికి 17. బడికి నడిచిపోయే సావిత్రిబాయి మీద పేడ, మట్టి విసిరారు. ఆమె మార్చుకోవడానికి ఇంకో చీర వెంట తీసుకుపోయేది. కులం ఒత్తిడికి తట్టుకోలేక జోతిరావు తండ్రి కొడుకునూ కోడలినీ ఇంటినుంచి పంపేస్తే, ఉస్మాన్ షేక్ ఇల్లు వాళ్లకు నీడయింది. ఫాతిమా షేక్ సావిత్రిబాయితో కలిసి పాఠాలు చెప్పింది. 1852లో మహర్, మాంగ్ పిల్లల కోసం ప్రత్యేకంగా బడి మొదలైంది.

బడి పెడితే సరిపోదు, పిల్లలు రావాలి గదా. పిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులకు భయం. అప్పటికి పేష్వాల రాజ్యం పోయి 34 ఏళ్లే అయింది. ఆ రాజ్యంలో అక్షరం ముట్టినవాడికి ఏం జరిగిందో చూసిన ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అట్లాంటి వాడల్లో తిరిగి పిల్లల్ని బడికి పంపించినవాడు లహుజీ సాళ్వే. పూనాలో తాలీంఖానా నడిపి కుస్తీ, కత్తిసాము నేర్పిన మాంగ్ వస్తాదు ఆయన. ముక్త ఆయన కుటుంబపు పిల్లే. అంటే ఆ బడిని టీచర్లు మాత్రమే నిలబెట్టలేదు, వాడ కూడా నిలబెట్టింది. ఈ రెండో సగం మన పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ కాలంలో ఫూలే బళ్లకు బహిరంగ పరీక్షలు జరిగేవి. జనం చుట్టూ కూర్చుని చూస్తుండగా పిల్లలు చదివి వినిపించాలి, లెక్క చేసి చూపించాలి, దేశపటంలో ఊళ్లు గుర్తుపట్టాలి. ఆడపిల్లకు, అంటరాని పిల్లకు బుర్ర ఉండదని నమ్మే ఊళ్లో ఆ పరీక్ష పిల్లలొక్కరికే పరీక్ష కాదు. చూడవచ్చిన వాళ్ల నమ్మకానికి కూడా అది పరీక్షే. అట్లా నలుగురిలో నిలబడి మాట్లాడటం అలవాటయిన బడిలోంచే ముక్త వచ్చింది.

ఆమె ఏం రాసింది

ముక్త మొదట వేదాల దగ్గర మొదలుపెడుతుంది. వేదాలు బ్రాహ్మణుల సొత్తే అయితే, వాటిని మేం చూడటం కూడా పాపమయితే, మాకు మతగ్రంథమే లేనట్టు గదా అంటుంది. గ్రంథం లేకపోతే మతం కూడా లేనట్టే. మరి మా మతమేదో చెప్పమని నేరుగా దేవుడినే నిలదీస్తుంది. ఒక్కడికే హక్కులిచ్చి మిగతావాళ్లను బయట నిలబెట్టే మతం భూమ్మీద లేకుండా పోవాలని కోరుతుంది. ఈ తర్కాన్ని ఆమె గుండె బాదుకుంటూ చెప్పలేదు. లెక్క చేసినట్టు ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు పేర్చింది. బడిలో నేర్చుకున్న పద్ధతి అక్కడ కనిపిస్తుంది.

తర్వాత చరిత్రలోకి వస్తుంది. బాజీరావు కాలంలో మాంగో, మహరో తాలీంఖానా ముందునుంచి పోతే తల నరికి, గుల్‌టేకడీ మైదానంలో ఆ తలను బంతి చేసి కత్తులతో ఆడేవారని రాస్తుంది. మేడలు కట్టేటప్పుడు సింధూరం కలిపిన నూనె తాగించి మనుషుల్ని పునాదుల్లో పూడ్చేవారని రాస్తుంది. గాడిదను కొడితే దాని యజమాని అడ్డం వస్తాడు, మమ్మల్ని కొడితే అడిగే దిక్కెవరని ప్రశ్నిస్తుంది. ఆవులూ గేదెల కంటే కూడా మమ్మల్ని తక్కువ చేశారంటుంది. ఇక్కడ మన ఆవు వ్యాసం గుర్తు రావాలి. ఆవు గొప్పదనం రాయించిన బళ్లు లక్షలున్నాయి. ఆవు కన్నా కింద ఎవరిని పెట్టారో రాసిన బడిపిల్ల ముక్త.

చివర వాడలోకి వస్తుంది. కప్పు లేని ఇంట్లో వానలో, చలిలో మన ఆడవాళ్లు ఎట్లా కాన్పు అవుతారో చెబుతుంది. బ్రాహ్మణ పిల్లలు రాళ్లేసి తల పగలగొట్టినా మాంగ్ పిల్లలు ఫిర్యాదు చెయ్యరు, ఎందుకంటే మిగిలిన అన్నం కోసం మళ్లీ ఆ ఇంటికే పోవాలి. ముగింపులో తన జనం వైపు తిరిగి, మన జబ్బుకు చదువే మందు అని చెబుతుంది.

"ఎవరో రాసిచ్చి ఉంటారు"

మన పిల్ల ఏదైనా గట్టి పని చేస్తే మొదట వచ్చే మాట ఇదే. పద్నాలుగేళ్ల పిల్ల ఇంత రాస్తుందా? అచ్చేసింది మిషనరీల పత్రిక గదా? ఇంగ్లీషు రాజ్యాన్ని మెచ్చుకుంది గదా? ప్రశ్నలు అడగనివ్వండి. చరిత్ర విద్యార్థులుగా మనం కూడా వాటికి ఆధారం చూసే జవాబు చెప్పాలి.

పత్రిక మిషనరీలది అన్నది నిజం. కాని వ్యాసంలోని వివరాలు చూడండి. తల పగిలినా నోరు మెదపని పిల్లలు, అన్నం ముద్ద కోసం ఆ మౌనం, కప్పు లేని చోట కాన్పు, ఇవి బయటివాళ్లకు తట్టే సంగతులు కావు. మహర్లు తమ మీద మాంగు నీడ పడితే మైల అనుకుంటారన్న మాట అసలే తట్టదు. ఇవి వాడలో పుట్టి, వాడలో పెరిగి, దెబ్బ తిని, ఆ తర్వాత అక్షరం నేర్చిన చెయ్యి రాసినవి.

ఇంగ్లీషు రాజ్యాన్ని మెచ్చుకోవడం గురించి కూడా మొహమాటం అక్కర్లేదు. తల నరికే రాజ్యం పోయి బడికి పోనిచ్చే రాజ్యం వచ్చినప్పుడు ఆ తేడా ఆమెకు కనిపించింది. ఆ మెప్పుకు హద్దులున్నాయని తర్వాత ఫూలే రాతల్లోనే చూస్తాం. రైతులు కట్టే పన్నుల డబ్బు పైకులాల పెద్ద చదువులకు పోతున్నదని 1882లో హంటర్ కమిషన్ ముందు ఆయన గట్టిగా చెప్పాడు. అప్పటి తెల్లదొరల గురించి ముక్త అభిప్రాయం ఒక సంగతి, ఆమె కళ్లతో చూసి రాసిన బతుకు ఇంకో సంగతి. రెంటినీ కలిపేసి రెండోదాన్ని కొట్టెయ్యడం న్యాయం కాదు.

మనకు చేదుగా ఉండే మాట

ముక్త బ్రాహ్మణుల్ని మాత్రమే అడిగి ఊరుకోలేదు. మహర్లు కూడా అంటరానివాళ్లే అయినా, మాంగులకన్నా పైవాళ్లమనుకుంటున్నారని రాసింది. కులం మెట్ల నిచ్చెన అని పెద్ద పెద్ద సిద్ధాంతాలు రాకముందే, నిచ్చెన కింది మెట్టు మీదున్న పిల్ల తలెత్తి చూసి చెప్పిన మాట అది.

మాంగ్, మహర్ కులాలు మనకు పరాయివి కావు. తెలంగాణ షెడ్యూల్డ్ కులాల జాబితాలో రెండు పేర్లూ ఉన్నాయి. మన దగ్గర మాల, మాదిగల నడుమ ఇదే ప్రశ్న 1994 జులై 7న ఈదుముడి గ్రామంలో దండోరాగా మోగింది. దండోరా మోగాక మనలో చాలామంది, ఇది కొత్తగా ఎవరో రెచ్చగొట్టింది అన్నారు. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది, 2025లో తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ వాదంలో ఎవరు ఏ పక్షాన ఉన్నా ఒక్క సంగతి ఒప్పుకోవాలి: ఈ ప్రశ్న కొత్తది కాదు. 1855లోనే ఒక బడిపిల్ల కాగితం మీద పెట్టింది. ఆమె దాన్ని దాచి పెట్టలేదు, అట్లాగని మహర్లను శత్రువులనీ అనలేదు. వ్యాసం చివర రెండు కులాలనూ కలిపే పిలిచింది. ఇంటి గొడవ చెప్పుకోవడం వల్ల ఇల్లు కూలదని ఆమెకు తెలుసు.

మన దగ్గర లెక్కలున్నాయి, గొంతులేవి?

పూనా నుంచి హైదరాబాదుకు వద్దాం. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910 నుంచి ఈసామియా బజారు లాంటి చోట్ల బళ్లు తెరిచాడు. ఉర్దూ రాజ్యమేలిన నగరంలో మాల మాదిగ పిల్లలకు తెలుగులో చదువు చెప్పించాడు. ఆ బళ్లు పెరిగి 26 అయ్యాయి, పిల్లలు 2,500 దాకా అయ్యారు. తర్వాత నిజాం ప్రభుత్వం వాటిని తీసుకుంది. ఈ అంకెల్ని ప్రతి పుస్తకమూ చెబుతుంది, మనమూ గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆ 2,500 మందిలో ఒక్క పిల్ల ఏం రాసింది, ఏం పాడింది, ఏం అడిగింది అన్నది ఆ పుస్తకాలకు పట్టలేదు. బడి పెట్టినాయన పేరు చరిత్రకెక్కింది, బడికి పోయిన పిల్లలు అంకెలయ్యారు.

ఇంకా దగ్గరికి వద్దాం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలిద్దరు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగు, లడఖ్ మీదుగా అక్కడి దాకా పోయింది. సంక్షేమ బడి పిల్లలంటే నీళ్ల చారు, చిరిగిన దుప్పటి అనుకునే దేశం ఆ రోజు నోరు తెరిచింది. పత్రికలు శిఖరం ఎత్తు రాశాయి, పూర్ణ వయసు రాశాయి, రికార్డు రాశాయి. అదీ కావలసిందే. కాని ప్రతి గురుకులంలోనూ కొండ ఎక్కని పిల్లలు వందల్లో ఉంటారు. వాళ్లు రాత్రి స్టడీ అవర్లో నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నది కూడా ఆ బడి సాధించిందే.

మార్కుల పట్టికలో, కప్పుల్లో, పతకాల్లో మాత్రమే సాధన కనిపిస్తే ముక్త కూడా మనకు కనిపించేది కాదు. ఆమెకు ర్యాంకు రాలేదు. ఆమె రాసినదిగా మనకు తెలిసింది ఆ ఒక్క వ్యాసమే. ఒక పత్రిక అచ్చేసింది కాబట్టి, ఎవరో దాచారు కాబట్టి మిగిలింది. 1991లో హైదరాబాదు పరిశోధకులు సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ఆమెను ఇంగ్లీషు పాఠకుల ముందు పెట్టింది. పూనా నుంచి అక్కడికి చేరడానికి 136 ఏళ్లు పట్టింది.

అందుకని టీచర్లకు, హాస్టళ్లలో పనిచేసే మిత్రులకు, పరిశోధన చేసే తమ్ముళ్లకు చెల్లెళ్లకు నా మాట ఇది. ఏడాది చివర నోటుబుక్కుల్ని చిత్తు కాగితాల వాడికి తూకానికి వేసే ముందు ఒక్కసారి తిరగెయ్యండి. గోడపత్రిక మీది కాగితాల్ని చింపి పారెయ్యకండి, తేదీ వేసి, బడి పేరు, తరగతి రాసి దాచండి. ఏప్రిల్ 14న వ్యాసరచన పోటీ పెడితే అంబేడ్కర్ పుట్టిన తేదీ, చదివిన డిగ్రీలు మాత్రమే రాయించకండి, మీ వాడలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో రాయమనండి, మీ అమ్మ ఎన్నింటికి లేస్తుందో రాయమనండి. బహుమతి ఎవరికి వచ్చినా సరే, కాగితాలన్నీ దాచండి. పరిశోధనకు పోయే మనోళ్లు ఊళ్లలో పాత బళ్ల బీరువాలు తెరిపించండి. మన చరిత్రకు కావలసిన కాగితం గజెట్లలో లేకపోవచ్చు. ఏడో తరగతి పిల్ల వంకర అక్షరాల్లో ఉండవచ్చు.