జ్వరానికి ఖరీదు కట్టిన వైనం

దోమకాటు వలన దేశానికి ఏటా ఎంత నష్టం వాటిల్లుతున్నదో మీరెన్నడైనా ఆలోచించారా? 1935లో జె.ఎ. సింటన్ ఈ ప్రశ్నకు సమాధానం వెతికాడు. ఆయన విక్టోరియా క్రాస్ పొందిన సైనిక వైద్యుడు, మలేరియా సర్వే ఆఫ్ ఇండియాకు డైరెక్టరు. ఏటా కనీసం పది కోట్ల మంది మలేరియా బారిన పడుతున్నారనీ, పది లక్షల మంది మరణిస్తున్నారనీ ఆయన అంచనా.

అంత పెద్ద సంఖ్య ఎలా తేలిందని మీకు సందేహం రావచ్చు. ఆనాటి పల్లెల్లో మరణాలను నమోదు చేయించేది గ్రామ కావలివాడు. కలరా, మశూచి అతనికి తెలుసు, మిగిలినవన్నీ ‘జ్వరమే’. ఆ జ్వరాలలో మలేరియా వాటా ఎంతో వైద్యులే ఊహించాలి. అందుకు వారికి దొరికిన కొలత పిల్లల ప్లీహం. యమునా కాలువల వెంబడి గ్రామాలలో డెంప్‌స్టర్ అనే వైద్యుడు 1847 నాటికే పిల్లల పొట్టలు తడిమి, ప్లీహం పెరిగినవారిని లెక్కించాడు. మన పెద్దలు ‘కడుపులో బల్ల’ అన్నది దీనినే. సూక్ష్మదర్శిని అక్కరలేని ఈ పరీక్షపై నాకు నేటికీ గౌరవమే.

1908 శరత్కాలంలో పంజాబులో రెండు నెలల్లోనే మూడు లక్షల మందికి పైగా జ్వరంతో మరణించారు. అమృత్‌సర్‌లో పనిచేసేవారే కరువై నగరజీవనం స్తంభించింది. దీనిని పరిశీలించిన క్రిస్టోఫర్స్, అధిక వర్షాలకు ధాన్యం ధరల పెరుగుదల తోడైన ఏళ్ళలోనే మృత్యువు విజృంభించిందని 1911లో చూపాడు. దోమ అందరినీ కుట్టినా, ఆకలితో ఉన్నవాడు కోలుకోలేదు.

స్వాతంత్ర్యానంతరం 1953లో నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకు దిగివచ్చి, 1976లో అరవై నాలుగు లక్షలు దాటాయి.

ఇక మనమంతా చూసిన చికున్‌గున్యా. 2006లో దేశమంతటా నమోదైన అనుమానిత కేసులు సుమారు పద్నాలుగు లక్షలు. కోల్పోయిన ఆదాయం కనీసం 39 కోట్ల రూపాయలని పరిశోధకులు అంచనా కట్టారు. భాగించి చూడండి: మనిషికి మూడు వందలైనా రాదు! అది కనిష్ఠ అంచనా కావచ్చు. కానీ ఆ ఏడు నా ఓపీకి వచ్చిన కూలీలలో కొందరు నెల గడిచినా కొడవలి పిడి బిగించి పట్టుకోలేకపోయారు. అప్పు చేసి సెలైన్ పెట్టించుకుని, డబ్బయిపోయాక పెద్దాసుపత్రికి వచ్చినవారూ ఉన్నారు. నా రిజిస్టరులో మాత్రం వారి పేరు, వయసు, ‘జ్వరం, కీళ్ళనొప్పులు’ — అంతే. పోయిన కూలి రాయడానికి అందులో గడి లేదు.