వీడియో డిస్కుల పోరు: వినియోగదారుడికి లాభమా, నష్టమా?

పోటీ పెరిగితే ధర తగ్గుతుందనీ, వినియోగదారుడికి మేలు జరుగుతుందనీ మీరు అర్థశాస్త్రంలో చదువుకున్నారు. ఈ సూత్రం అన్ని చోట్లా ఒకేలా వర్తిస్తుందా? ఇంట్లో సినిమా చూసే సాధనాల చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

ముందుగా ఒక తేడా గమనించండి. ఒకే ప్రమాణాన్ని పాటిస్తూ పలు కంపెనీలు పోటీపడటం ఒక రకం. ఒకదాని డిస్కు మరొకదానిలో ఆడని విధంగా రెండు ప్రమాణాలే తలపడటం ఇంకో రకం.

రెండో రకం పోటీ క్యాసెట్ల కాలంలోనే కనిపించింది. 1975లో సోనీ బీటామాక్స్‌ను, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్‌ను విడుదల చేశాయి. మొదట్లో బీటామాక్స్ క్యాసెట్‌లో ఒక గంట, వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు రికార్డు చేసుకునే వీలుండేది. పోటీ వల్ల రెండింటిలోనూ ఆ నిడివి పెరిగింది. ఇది లాభమే. కాని చివరికి వీహెచ్‌ఎస్ గెలవడంతో బీటామాక్స్ కొన్నవారికి కొత్త సినిమాలు దొరకడం కష్టమైంది.

1995లో డిస్కుల విషయంలోనూ అదే పరిస్థితి ఎదురైంది. ఒకవైపు సోనీ, ఫిలిప్స్. మరోవైపు తోషిబా, టైమ్ వార్నర్. ఒకే ప్రమాణం కావాలని ఐబీఎం వంటి కంప్యూటర్ కంపెనీలు పట్టుబట్టడంతో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఆ రాజీ ఫలితమే డీవీడీ. 1996లో అది జపాన్ మార్కెట్లోకి వచ్చింది. ప్రమాణం ఒక్కటైనంత మాత్రాన పోటీ ఆగలేదు. అనేక కంపెనీలు ప్లేయర్లు తయారుచేయడంతో ధరలు క్రమంగా దిగివచ్చాయి.

2006లో మాత్రం రాజీ కుదరలేదు. తోషిబా పక్షం హెచ్‌డీ డీవీడీని, సోనీ పక్షం బ్లూ-రేను తెచ్చాయి. ఒక్కో పొరలో మొదటిది 15 గిగాబైట్లు, రెండోది 25 గిగాబైట్లు నిల్వచేసేవి. అమెరికాలో తొలి హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ ధర సుమారు 500 డాలర్లు, బ్లూ-రే ప్లేయర్ ధర సుమారు 1,000 డాలర్లు. 2007 నవంబరు నాటికి కొన్ని అమెరికా దుకాణాల్లో హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ 100 డాలర్ల లోపే దొరికింది. పోటీ వల్లే ఇంత చవక అయిందని మీరు అనవచ్చు. నిజమే. అయితే సినిమా సంస్థలు కూడా చీలిపోయాయి. యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీ వైపు, డిస్నీ బ్లూ-రే వైపు నిలిచాయి. రెండు సంస్థల చిత్రాలూ ఆ నాణ్యతతో చూడాలంటే రెండు ప్లేయర్లు కావాలి. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ-రే పక్షాన చేరింది. ఫిబ్రవరి 19న తోషిబా పోటీ నుంచి తప్పుకుంది. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లు, చవకని కొన్నవారికి కొత్త సినిమాలు రాని ప్లేయర్ మిగిలింది.

దీన్నిబట్టి ఏమి గ్రహించాలి? ప్రమాణాల పోరులో ధర తగ్గినా, ఓడిపోయే పక్షాన్ని ఎంచుకునే ప్రమాదం కొనుగోలుదారుడి మీదే పడుతుంది. ఉమ్మడి ప్రమాణంలో ఆ ప్రమాదం తక్కువ, ధరల పోటీ మాత్రం మిగులుతుంది. అయితే ఆ ప్రమాణం ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనో ఉండిపోతే ఈ మేలు దక్కదు.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త మొబైల్ ఫోన్లకు యూఎస్‌బీ టైప్-సి ఛార్జింగును తప్పనిసరి చేసింది. ఉమ్మడి ప్రమాణాన్ని ప్రభుత్వం నిర్ణయించాలా, కంపెనీలే కుదుర్చుకోవాలా? డీవీడీ చరిత్రను దృష్టిలో పెట్టుకుని తరగతిలో చర్చించండి.