ఫితూరి: మన తిరుగుబాటుకు సర్కారు పెట్టిన పేరు



పాత ఇంగ్లీషు రికార్డుల్లో ‘ఫితూరి’ అనే మాట ఉంది. ఇప్పటి ఇంగ్లీషులో దాన్ని వాడరు, చరిత్ర పుస్తకాల్లోనే మిగిలింది. ఉర్దూలో ఫితూర్ అంటే లోపం, గొడవ, అల్లరి. కచేరీ భాషలోంచి అది మద్రాసు ప్రభుత్వ అధికారుల ఇంగ్లీషులోకి వెళ్ళింది. 1907లో అచ్చయిన గోదావరి, విశాఖపట్నం జిల్లా గెజిటీర్లు మన కొండల్లో జరిగిన తిరుగుబాట్లను ఫితూరీలనే రాశాయి.

ఆ మాట వింటే ఎవరో అల్లరి చేశారనే అనిపిస్తుంది. ఎందుకు చేశారో అందులో ఉండదు.

1879 మార్చిలో రంపలో ఏం జరిగిందో చూద్దాం. ఇంటి కోసం గీసుకునే కల్లును సర్కారు వద్దంది. కల్లు పన్ను గుత్తేదార్ల చేతికి పోయింది. దానిమీద మన్సబుదారు ఇంకో పన్ను వేశాడు. మైదానం వ్యాపారులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి ఆస్తులు పట్టుకుపోయేవారు. పోలీసుల వేధింపులు సరేసరి. అప్పుడు జనం లేచారు. కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. చంద్రయ్య అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టాడు.

దాన్ని అణచడానికి ఎంత సైన్యం వచ్చిందో తెలుసా? వందల మంది పోలీసులు కాక ఆరు మద్రాసు కాల్బల రెజిమెంట్లు, ఒక గుర్రపు దళం, రెండు సాపర్స్ కంపెనీలు. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా కాల్బలం వెళ్ళింది. ఆ కంటింజెంట్ కేంద్రం బొల్లారం, మేం చదువుకునే సికింద్రాబాద్‌కి పక్కనే. ఉత్త అల్లరికి ఇంత సైన్యం ఎందుకు?

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర వాళ్ళ దళం చింతపల్లి స్టేషన్ మీద పడ్డప్పుడు కూడా రికార్డుల్లో అదే మాట. తెలుగులోనూ రంప పితూరీ అనే అంటున్నాం.

ఇంకో సంగతి. ఇప్పుడు మన ఊళ్ళలో, కాలేజీల్లో పితూరీ అంటే చాడీ. భూమి పట్టా గురించో, హాస్టల్ అన్నం గురించో అడగడానికి నలుగురం వెళ్తే “పితూరీలు మోస్తున్నారు” అంటారు. అడిగిన విషయం పక్కకి పోతుంది, అడిగినవాళ్ళే తప్పు చేసినట్టు అవుతుంది. నూరేళ్ళ కింద రికార్డు రాసినవాళ్ళు చేసింది కూడా ఇదే.

మాటను రికార్డుల్లోంచి కొట్టెయ్యలేం. కానీ చదివేటప్పుడు పక్కన కారణం కూడా రాసుకుందాం. మీ ఊరి పెద్దలు కోయలోనో, కొండరెడ్ల మాటలోనో ఆ పోరాటాలను ఏమని చెప్పుకుంటారో అడగండి. తెలిసింది ఇక్కడ రాయండి. వాళ్ళు పోకముందే అడగాలి.