పురుగులు పట్టే కొలువు

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. వెళ్ళేముందు మా అక్క కూతురు చిలకలూరిపేట వచ్చి తాతయ్యకి దణ్ణం పెట్టింది.

"ఏం పనే అది?"

"ప్రోగ్రాముల్లో పురుగులు పట్టడం తాతయ్యా!"

నాన్న నవ్వలేదు. 1987లో పత్తిచేనంతా తెల్లదోమకి అప్పగించుకున్న మనిషాయె.

పిల్ల కోతలు కోయలేదండోయ్. కంప్యూటర్ లోపాన్ని 'బగ్' అంటారు, అంటే పురుగే. ఎడిసన్ 1878లోనే తన యంత్రాల తంటాలకి ఆ మాట వాడాడు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డులో మార్క్ టూ కంప్యూటర్ రిలేలో నిజం పురుగే దొరికింది! రెక్కల పురుగు. దాన్ని లాగ్‌బుక్కులో టేపుతో అంటించారు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. పట్టింది గ్రేస్ హాపర్ అంటారుగానీ, ఆవిడ ఆ కథని పదిమందికీ చెప్పింది, అంతే. (మనలో మాట, కథ చెప్పేవాళ్ళకే పేరొస్తుంది.)

"పైనుంచి చూసి బావుందనకు. తెల్లదోమ ఆకు అడుగునే ఉంటుంది" అన్నారు నాన్న.

ఇంటర్వ్యూలో, "ఇక లోపాల్లేవని ఎప్పుడు చెప్తావు?" అని అడిగారట. "చెప్పనండీ. వెతికినచోట దొరకలేదంటాను" అందిట. పరీక్ష లోపాన్ని చూపగలదుగానీ, లోపం లేదని చూపలేదని డైక్‌స్ట్రా అనే డచ్చి పండితుడు 1970లో రాసిందీ అదే.

ఫోన్ చేస్తామన్నారు. పిల్ల పేటకి తిరిగొచ్చి వారమైంది. దాని సెల్లు మోగినప్పుడల్లా ముందు లేచేది నాన్నే.