స్నేర్ శాంపిళ్ళ సరిపోలిక

వేర్వేరు వర్చువల్ డ్రమ్ లైబ్రరీల నుంచి తెచ్చిన స్నేర్ ధ్వనులను, ఒకే డ్రమ్మును ఒకే గదిలో ఒకే వాద్యకారుడు వాయించినట్టు వినిపించేలా సర్దే పనిని స్నేర్ శాంపిళ్ళ సరిపోలిక అంటారు. ఇది రికార్డింగ్, మిక్సింగ్ రంగాలకు చెందిన నైపుణ్యం. ఒకే ఆల్బమ్‌లోని పాటలకు ప్రోగ్రామర్లు వేర్వేరు సాఫ్ట్‌వేర్ వాడినప్పుడు, మచ్చుకు చేసిన ట్రాక్ మరో స్టూడియోకు చేరినప్పుడు, కిట్ అంతా నచ్చి స్నేర్ ఒక్కటే నప్పనప్పుడు దీని అవసరం పడుతుంది. దీని చరిత్ర దాదాపుగా 1970ల చివరి నుంచే మొదలవుతుంది. శాంపిల్ అంటే ఒకే ఒక్క దెబ్బగా ఉన్న రోజుల్లో ఈ పని సులువు. శాంపిల్ అసలు వాద్యానికి దగ్గరయ్యేకొద్దీ కష్టమవుతూ వచ్చింది.

వాద్యం

స్నేర్ డ్రమ్ముకు పైన ఒక పొర, కింద మరింత పలుచని పొర, ఆ కింది పొరకు ఆనుకొని బిగించిన తీగలు ఉంటాయి. మధ్యయుగాల ఐరోపాలోని టేబర్ అనే చిన్న డోలు నుంచి స్విస్ సైనికుల సైడ్ డ్రమ్ మీదుగా ఆర్కెస్ట్రాకూ, అక్కడి నుంచి జాజ్ కిట్‌కూ ఇది చేరింది. పేగుతో చేసిన తీగల స్థానంలో లోహపు తీగలు 20వ శతాబ్దంలో స్థిరపడ్డాయి. 1950ల చివరిలో ప్లాస్టిక్ పొరలు వచ్చేదాకా వాడినది జంతు చర్మమే కాబట్టి, డప్పు కళాకారులు మంటకు కాచినట్టే వాతావరణాన్ని బట్టి బిగువు సర్దుకోక తప్పేది కాదు. షికాగోకు చెందిన లడ్విగ్ సంస్థ 1960లలో తెచ్చిన సుప్రాఫోనిక్ అనే అల్యూమినియం స్నేర్ రికార్డింగ్ స్టూడియోలలో అత్యధికంగా వినిపించిన వాద్యాలలో ఒకటి. నేటి లైబ్రరీలలోనూ అది తరచుగా కనిపిస్తుంది.

14 అంగుళాల వ్యాసం ఉన్న స్నేర్ మూల స్వరం బిగువును బట్టి సాధారణంగా 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గుండ్రని పొర పలికే పై స్వరాలు వీణ తీగ మీదలాగా పూర్ణాంక నిష్పత్తిలో రావు. ఆదర్శ పొరకు ఆ నిష్పత్తి 1, 1.59, 2.14గా సాగుతుంది. అందుకే రెండు స్నేర్‌ల మూల స్వరాన్ని సరిగ్గా కలిపినా, పై స్వరాలు విడిపోయి ‘ఇది వేరే డ్రమ్ము’ అని చెవికి పట్టిస్తాయి.

టేపు నుంచి చిప్పు దాకా

ముందుగా రికార్డు చేసిన డ్రమ్ ధ్వనిని మీట నొక్కి వినిపించే యంత్రం అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ చేతిలో రూపుదిద్దుకుంది. అది చుట్టుచుట్టిన టేపుల మీద మొత్తం తాళగతులనే నిల్వ చేసేది. విడి స్నేర్ దెబ్బను వేరు చేసి వాడుకోవడమనే ఆలోచన ఫలించింది డిజిటల్ యుగంలోనే.

స్టీలీ డాన్ బృందానికి ఇంజనీరుగా పనిచేసిన రోజర్ నికల్స్, ‘గౌచో’ (1980) ఆల్బమ్ కోసం వెండెల్ అనే యంత్రాన్ని తయారుచేశాడు. ఆ బృందానికి చెందిన వాల్టర్ బెకర్, డొనాల్డ్ ఫేగన్ కోరిన లయశుద్ధి మనిషి చేతికి అందనంత కఠినమైనది. నికల్స్ డ్రమ్మర్లు వాయించిన దెబ్బలనే డిజిటల్‌గా నిల్వ చేసి, కోరిన క్షణానికి తిరిగి మోగించాడు. ధ్వని వాద్యకారుడిదే, కాలం మాత్రం యంత్రానిది. ఆల్బమ్ ప్లాటినం అమ్మకాలను అందుకున్నప్పుడు వెండెల్ పేరిట కూడా ఒక ప్లాటినం రికార్డు ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన వెండెల్ జూనియర్ కార్ట్రిడ్జ్‌లు మార్చుకొనే చిన్న పెట్టె. టేపు మీది స్నేర్ దెబ్బ దాన్ని మోగిస్తే, బలహీనమైన రికార్డింగ్ స్థానంలో నాణ్యమైన స్నేర్ వచ్చి నిలిచేది. పాత దెబ్బకూ కొత్త ధ్వనికీ పొత్తు కుదర్చడమే ఈ వ్యాసంలో చెప్పుకుంటున్న సరిపోలికకు తొలి రూపం.

అదే 1980లో రోజర్ లిన్ రూపొందించిన ఎల్‌ఎం-1 మార్కెట్లోకి వచ్చింది. అసలు డ్రమ్ముల డిజిటల్ శాంపిళ్ళతో అమ్మకానికి వచ్చిన మొదటి డ్రమ్ మెషీన్ ఇదే. ధర 4,995 డాలర్లు. తయారైనవి సుమారు 500 మాత్రమే. మెమరీ ఖరీదు వల్ల దానిలో క్రాష్, రైడ్ సింబల్స్ పెట్టలేదు. ప్రతి ధ్వనికీ విడి అవుట్‌పుట్, స్వరం పెంచడానికీ తగ్గించడానికీ విడి నాబ్ ఉండడం దాని గొప్ప. ప్రిన్స్ ‘వెన్ డవ్స్ క్రై’ (1984) పాటలో సైడ్ స్టిక్ (కర్రతో స్నేర్ అంచును తట్టే) ధ్వనిని బాగా కిందికి దింపి వాడిన తీరు, ఒకే చిప్పు నుంచి పూర్తిగా కొత్త వాద్యాన్ని పుట్టించవచ్చని చూపింది. 1982లో వచ్చిన లిన్‌డ్రమ్ 2,995 డాలర్లకు సింబల్స్‌తో సహా దొరికింది. ఈ యంత్రాలలో స్నేర్ అంటే ఒక చిప్పు. చిప్పు మారిస్తే స్నేర్ మారుతుంది, రెండు యంత్రాలలో ఒకే చిప్పు ఉంటే ఒకే స్నేర్ వస్తుంది. సరిపోలిక అనే సమస్యే తలెత్తదు.

ఈ మార్పిడిని వ్యాపారంగా మలచినవారు బర్క్‌లీలో చదువుకున్న పీటర్ గాచర్, ఇవాన్ బ్రూక్స్. ఈ-మ్యూ సంస్థ 1983లో వెయ్యి డాలర్ల లోపు ధరకు తెచ్చిన డ్రమ్యులేటర్ యంత్రానికి వారు డిజిడ్రమ్స్ పేరుతో కొత్త ధ్వనుల చిప్పులు తయారుచేసి అమ్మారు. యంత్రం ఒకరిది, ధ్వని మరొకరిది అనే ఏర్పాటుకు ఇది ముఖ్యమైన ఆరంభం. నేటి శాంపిల్ లైబ్రరీల వ్యాపారం నిలిచింది దీని మీదే. ఆ చిన్న సంస్థే తర్వాత డిజిడిజైన్‌గా మారి ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. డ్రమ్ చిప్పులతో మొదలైన ప్రయాణం ప్రపంచ స్టూడియోలన్నిటినీ మార్చేసింది.

ఈ కాలంలోనే శాంపిల్ లేని మార్గమూ సాగింది. రోలాండ్ టీఆర్-808 (1980) డ్రమ్ మెషీన్ స్నేర్‌ను రెండు ఆసిలేటర్లు, కొంత నాయిస్ కలిపి పుట్టించింది. మరోవైపు లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో ఇంజనీరు హ్యూ పాడ్గమ్, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ కలిసి గేటెడ్ రెవెర్బ్‌ను ప్రసిద్ధం చేశారు. గది మోతను పెద్దది చేసి, అది సహజంగా ఆరిపోకముందే కోసేయడం ఆ పద్ధతి. స్నేర్ వ్యక్తిత్వంలో సగం గదిదేనని శ్రోతలకు తెలిసింది అప్పుడే.

మిడి, ఆ తర్వాత

1983లో వచ్చిన మిడి ప్రమాణం దెబ్బ బలాన్ని (వెలాసిటీ) 1 నుంచి 127 దాకా అంకెలతో చెప్పే వీలు కల్పించింది. 1991 నాటి జనరల్ మిడి 38వ నోటును అకూస్టిక్ స్నేర్‌కు, 40వ నోటును ఎలక్ట్రిక్ స్నేర్‌కు, 37ను సైడ్ స్టిక్‌కు కేటాయించింది. ఏ నోటు నొక్కితే స్నేర్ రావాలో ఇలా ఖాయమైంది గాని, 90 అనే బలానికి ఎంత మోత రావాలో ఏ ప్రమాణమూ చెప్పలేదు. తర్వాతి చిక్కులకు మూలం ఇక్కడే ఉంది. 1987లో ఎస్‌పీ-1200, 1988లో అకాయ్ సంస్థ తెచ్చిన ఎంపీసీ60 అనే శాంప్లింగ్ యంత్రాలు హిప్‌హాప్‌కు పునాదులయ్యాయి.

1998లో నెమెసిస్ సంస్థ తెచ్చిన గిగాశాంప్లర్, శాంపిళ్ళను మెమరీలోకి పూర్తిగా ఎక్కించకుండా హార్డ్ డిస్క్ నుంచే చదివింది. దానితో స్నేర్ ఒక దెబ్బ నుంచి వందల దెబ్బలకు విస్తరించింది. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టినవి వెలాసిటీ పొరలయ్యాయి. ఒకే బలంతో కొట్టిన దెబ్బలను వంతులవారీగా మోగించే రౌండ్ రాబిన్, ఒకే శాంపిల్ వరసగా మోగితే పుట్టే మెషీన్‌గన్ ఎఫెక్టును పోగొట్టింది. స్వీడన్‌లోని ఉమేయో పట్టణంలో పుట్టిన టూన్‌ట్రాక్ సంస్థ, అదే ఊరి మెషుగ్గా బృందపు డ్రమ్మర్ తోమస్ హాకె వాయించిన ధ్వనులతో ‘డ్రమ్‌కిట్ ఫ్రమ్ హెల్’ను తెచ్చింది. ఆ బృందం ‘క్యాచ్ థర్టీత్రీ’ (2005) ఆల్బమ్‌కు ఈ ధ్వనులతోనే డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసింది. అంతటి వాద్యకారుడు తన శాంపిళ్ళను తనే నమ్మి వాడడం ఈ రంగానికి దక్కిన గౌరవం.

బ్రిటన్‌లోని ఎఫ్ఎక్స్‌పాన్షన్ 2003లో విడుదల చేసిన బీఎఫ్‌డీ అనే సాఫ్ట్‌వేర్ దగ్గరి మైక్, కిట్ పైన ఉండే ఓవర్‌హెడ్ మైక్, గది మోతను పట్టే రూమ్ మైక్ ధ్వనులను విడివిడి ఛానళ్ళుగా వినియోగదారుకే అప్పగించింది. 2006లో ఈజీడ్రమ్మర్, అడిక్టివ్ డ్రమ్స్ అనే లైబ్రరీలు వచ్చాయి. 2017 నాటి సుపీరియర్ డ్రమ్మర్ 3ను బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో జార్జ్ మాసెన్‌బర్గ్ రికార్డు చేశాడు. పారామెట్రిక్ ఈక్వలైజర్ గురించి 1972లో పత్రం సమర్పించిన ఇంజనీరు ఆయనే. సుపీరియర్ డ్రమ్మర్ 3 ముడి ధ్వనులు 230 గిగాబైట్లకు పైబడ్డాయి.

సరిపోల్చే పద్ధతులు

రెండు లైబ్రరీలలో ఒకే సుప్రాఫోనిక్ పేరు కనిపించినంత మాత్రాన ధ్వనులు కలవవు. పొర రకం, బిగువు, తీగల బిగింపు, కర్ర, మైక్, గది అన్నీ వేరు. కాబట్టి అనుభవజ్ఞులు పేరును వదిలి చెవిని నమ్ముతారు. రెండు ధ్వనుల మోతను ముందు సమానం చేయాలి. ఏది గట్టిగా వినిపిస్తే అదే బాగున్నట్టు అనిపించడం చెవికి సహజం.

తర్వాతిది శ్రుతి. శాంప్లర్‌లో సాధారణ పద్ధతిలో ఒక సెమీటోన్ పెంచితే ధ్వని వ్యవధి దాదాపు 5.6 శాతం తగ్గుతుంది, తీగల గరగర కూడా పైకి జరుగుతుంది. రెండు సెమీటోన్లు దాటితే డ్రమ్ము పరిమాణమే మారినట్టు ఉంటుంది. అంత దూరం లాగడం కంటే అదే లైబ్రరీలో బిగువు దగ్గరగా ఉన్న మరో స్నేర్‌ను వెతకడం మేలు. ఆ పైన ఈక్వలైజర్‌తో మూల స్వరాన్నీ తీగల పైస్థాయినీ, ట్రాన్సియెంట్ షేపర్‌తో దెబ్బ మొదటి మెరుపునూ సర్దుతారు.

రెండు స్నేర్‌లను ఒకదానిపై ఒకటి పేర్చేవారు కాలాన్ని గమనించాలి. ఒకటి 2.5 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 200 హెర్ట్జ్ దగ్గర రెండూ ఎదురెదురై రద్దవుతాయి. అది సరిగ్గా స్నేర్ కండ ఉండే చోటు. కలిపాక ధ్వని పీలగా మారితే ముందు పొలారిటీ తిప్పి చూడడం, తర్వాత శాంపిళ్ళను ముందుకూ వెనక్కూ జరపడం ఆనవాయితీ. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, ఐదు మీటర్ల దూరంలోని రూమ్ మైక్‌కు దాదాపు 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ సహజ ఆలస్యాన్ని అలాగే ఉంచిన లైబ్రరీలు కొన్ని, చెరిపేసినవి కొన్ని.

చాలామంది దగ్గరి మైక్ ధ్వని సరిపోగానే పని అయిందనుకుంటారు. అసలు తేడా అక్కడ ఉండదు. రెండో లైబ్రరీ స్నేర్‌ను తెచ్చుకున్నప్పుడు, మొదటి లైబ్రరీలో స్నేర్‌ను ఓవర్‌హెడ్, రూమ్ ఛానళ్ళతో సహా ఆపేయాలి. కొత్త స్నేర్‌కు సంబంధించిన ఓవర్‌హెడ్, రూమ్ ధ్వనులను మిగతా కిట్ గది ధ్వనులు వెళ్ళే బస్ (ఉమ్మడి ఛానల్) లోకే పంపి, అన్నిటికీ ఒకే కంప్రెషన్, ఒకే చిన్న రెవెర్బ్ ఇవ్వాలి. సింబల్, టామ్, స్నేర్ ఒకే గాలి పీల్చుకున్నప్పుడే కిట్ ఒకటవుతుంది. ఈ పనికి పట్టే శ్రమ మిక్స్‌లో తప్పక ఫలిస్తుంది.

చేతి స్వభావం చివరి మెట్టు. ఒక లైబ్రరీలో 90 వెలాసిటీకే రిమ్‌షాట్ (పొరనూ అంచునూ ఒకేసారి కొట్టే దెబ్బ) పలకవచ్చు, మరోదానిలో అది విడి నోటుగా ఉండవచ్చు. ఘోస్ట్ నోట్లు అనే అతి మెల్లని దెబ్బలు ఒకచోట గుసగుసగా, మరోచోట స్పష్టంగా వినిపిస్తాయి. పాటలోని అతి మెల్లని, అతి గట్టి దెబ్బలను విడిగా పోల్చి వెలాసిటీ కర్వ్‌ను వంచడం, ఆ తర్వాతే నోట్ల మ్యాపును మార్చడం సరైన వరస.

తెలుగు సినిమా సంగీతంలో

మద్రాసు థియేటర్లలో వాద్యబృందమంతా కూర్చుని వాయించే పద్ధతి పక్కన, 1980ల రెండో సగంలో రిథమ్ ప్రోగ్రామింగ్ బలపడింది. సంగీత దర్శకులు రాజ్-కోటి ద్వయం దగ్గర కీబోర్డు వాయించిన యువకుడు దిలీప్ తర్వాత ఏ.ఆర్. రెహమాన్‌గా ‘రోజా’ (1992)తో ఆ పద్ధతిని దేశమంతటికీ వినిపించాడు. నేడు తెలుగు పాటకు ప్రోగ్రామింగ్ ఒక ఊళ్ళో, మిక్సింగ్ మరో ఊళ్ళో జరగడం మామూలే. రెండు చోట్లా ఒకే లైబ్రరీ ఉండకపోవచ్చు కనుక, మిడి ఫైలుతో పాటు స్నేర్ దగ్గరి మైక్, ఓవర్‌హెడ్, రూమ్ ధ్వనులను విడివిడి ఆడియో ట్రాకులుగా పంపడం మంచి అలవాటు.

అనుమతులు

కొన్న లైబ్రరీ ధ్వనులను పాటలో వాడుకోవడానికి తయారీదారులు సాధారణంగా అనుమతిస్తారు. వాటినే, లేదా వాటిని కలిపి చేసిన కొత్త శాంపిళ్ళను మరో లైబ్రరీగా పంచడానికి, అమ్మడానికి ఒప్పుకోరు. రెండు సంస్థల స్నేర్‌లను పేర్చి చేసిన ధ్వనికి రెండు ఒప్పందాలూ వర్తిస్తాయి.